కనుకయ్య తలకాయ ఫోటో

ఆ ఏడు, అంటే రెండువేల రెండులో, మా శాంతి నగర్‌లో కరెంటు కోతల కంటే ఎక్కువగా జనం మాట్లాడుకున్నది కనుకయ్య తలకాయ గురించే. తలకాయ ఉందా పోయిందా, పోతే ఎంత పోయింది, మిగిలింది ఎన్నాళ్ళుంటుంది. ఛాయ్ బండి దగ్గర నిలబడ్డ ప్రతివాడూ డాక్టరే. మందుల దుకాణం పెట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను, నన్ను మాత్రం ఒక్కడూ అడగడు. నా పేరు మహేంద్ర. మా నాయన కాలం నుంచి ముంబై పక్కనున్న ఈ భివండీలోనే ఉంటున్నాం. నాకు కోపం కొంచెం ఎక్కువ, నవ్వు అంతకంటే ఎక్కువ. ఈ కథలో రెండిటికీ చేతినిండా పని దొరికింది, అందుకే చెబుతున్నాను.

కనుకయ్యది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. గుంటెడు భూమి లేదు. పెళ్ళయిన మూడో నెలలో భార్యను వెంటబెట్టుకుని, ఒక రేకుపెట్టె, ఒక సత్తుగిన్నె పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. వచ్చినవాళ్ళంతా సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడం నేర్చుకుంటే ఈయన వైపని నేర్చుకున్నాడు. తెలియనివాళ్ళకి వైపని అంటే ఏమిటో చెప్పాలి. సాంచకి కొత్త బీము, అంటే పడుగు నూలు చుట్టిన దూలం, ఎక్కించేటప్పుడు దాని మీది పోగులన్నీ, మూడు వేలో నాలుగు వేలో, ఒక్కొక్కటిగా సూది బెజ్జాల్లాంటి కళ్ళలోంచి, ఆ తర్వాత అచ్చు పళ్ళ సందుల్లోంచి దాటించాలి. ఇటు ఒకరు కూర్చుని పోగు అందిస్తారు, అటు ఒకరు కూర్చుని కొక్కెంతో లాగుతారు. ఒక్క పోగు తప్పిందంటే బట్ట పొడుగునా గీత తప్పుతుంది. ఈ పనికి మగవాళ్ళే జతలు జతలుగా తిరుగుతుంటారు. కనుకయ్య జత మాత్రం ఆయన భార్య కనకవ్వ. ఆడమనిషి వైపనికి కూర్చోవడమేమిటని మొదట్లో అందరూ నవ్వారట. ఆరు నెలలు తిరిగేసరికి నవ్వినవాళ్ళే కొత్త బీము దిగిందంటే ముందు వీళ్ళ గదికి కబురు పంపడం మొదలుపెట్టారు.

అట్లా ఇరవయ్యారేళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పొద్దున ఇంట్లో గిన్నెలు విసురుకున్నా సరే, మధ్యాహ్నానికి పోగులు అందించుకుంటూ అందించుకుంటూ నవ్వుకునేవారు. ఒకసారి నేను కనకవ్వను అడిగాను, మీకు పోట్లాటలు నిలవవా అత్తా అని.

"గంతసేపు మొగం మొగం చూసుకుంట కూసుంటే కోపం యాడుంటది సేటూ? పోగు చెయ్యిమారంగనే అది గూడ పోతది" అంది.

తొంభైతొమ్మిదిలో కనుకయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. నడక చిన్నదైంది, మొహంలో కదలిక తగ్గింది. ఊళ్ళోనే నిజాంపురాలో ఉన్న డాక్టరు చూసి పార్కిన్సన్స్ అని పేరు చెప్పాడు. చిన్న తెల్లగోలీ రాశాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వింతేమిటంటే ఆ చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే వణికేది, పోగు పట్టుకోగానే నిలబడేది. డాక్టరు ఆ జబ్బులో అట్లాగే ఉంటుందన్నాడు. కనుకయ్య మాత్రం అదంతా తన గొప్పే అనుకున్నాడు.

"నా చెయ్యి గూడ నా లెక్కనే సేటూ, కాళీగ ఉండుమంటే ఉండదు" అని షాపు ముందు నిలబడి అందరికీ చూపించేవాడు.

పని కొంచెం నెమ్మదించింది గానీ సాగింది. అసలు తమాషా రెండువేల ఒకటి చలికాలంలో మొదలైంది. ఒకరోజు కోదండరామయ్య సేఠ్ కార్ఖానాలో కనుకయ్య పోగు అందిస్తూ అందిస్తూ ఆగిపోయి, బీము వైపు చెయ్యి ఊపుతూ "దిగుండ్రి, దిగుండ్రి, పల్లికాయ పొట్టు పోగుల మీద పడుతుంది" అని గదమాయించాడట. ఎవర్నిరా అంటే, చెంబంత ఎత్తున్న మనుషులు, తలకి రుమాళ్ళు కట్టుకుని, బీము మీద వరసగా కూర్చుని పల్లికాయలు తింటున్నారని చెప్పాడు. భయం లేదు, ఏడుపు లేదు. వాళ్ళకి మర్యాద తెలియదని ఒక్కటే బాధ.

కనకవ్వ ముందు బిత్తరపోయింది. తర్వాత కొన్నాళ్ళకి అలవాటు పడిపోయి, ఆయన ఊడ్వమన్న చోట ఊడ్చేది. ఒకసారి ఇంటికి పన్నెండుమంది వచ్చారు, ఛాయ్ పెట్టమన్నాడట.

"పన్నెండు గిలాసలు నాకాడ యాడున్నయి? అందరు కల్సి ఒక్కదాంట్ల తాగుమను" అందట ఈవిడ. నిజం చెబుతున్నా, అది విని నేను నవ్వు ఆపుకోలేక కౌంటర్ పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ రోజు దగ్గుమందు కోసం వచ్చినవాడికి కళ్ళలో చుక్కల మందు ఇచ్చినంత పని చేశాను.

నవ్వు అక్కడితో ఆగితే బాగుండేది. రోజులు, తేదీలు, మనుషుల పేర్లు తారుమారు కాసాగాయి. నాలుక ఎండిపోతోందని బిందెల కొద్దీ నీళ్ళు తాగేవాడు. ఒక మధ్యాహ్నం కోదండరామయ్య సేఠ్ లోపలికి వస్తుంటే కనుకయ్య పెద్దగా "ఆగు సేఠ్! కాలు ఎత్తు! కింద మనిషున్నడు!" అని అరిచాడు. సేఠ్ వంద కిలోల మనిషి. ఒక్క కాలు మీద నిలబడి, పక్కనున్న కండెల డబ్బాలో కూలబడ్డాడు. పన్నెండు సాంచల మోతలో కూడా కార్మికుల నవ్వు బయటికి వినిపించిందంటారు. సేఠ్‌కి అది కూడా పెద్ద బాధ కాలేదు. ఆ వారమే కనుకయ్య ఎర్రపోగు పోవాల్సిన చోట నల్లపోగు అందించాడు. ముప్పై మీటర్లు నేసేదాకా ఎవరూ చూసుకోలేదు. లుంగీ గళ్ళు కావాల్సింది, ఏ దేశపుదో తెలియని జెండాలా వచ్చింది.

సేఠ్ కనకవ్వను పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "చూడు కనకవ్వా, గీడ పట్టాలు తిరుగుతయి, మోటార్లుంటయి. మతిలేని మనిషిని లోపటికి రానిచ్చి రేపు ఏమన్నయితే నేనేం చెయ్యాలె? పెద్దాసుపత్రిల చూపించు. మతి మంచిగున్నదని కాయిదం తెస్తే ఆయన జాగ ఆయనదే. లేకుంటే నీకు ఇంకో జతను చూస్త."

ఇంకో జత. ఆ మాట విన్న సాయంత్రం కనుకయ్య నా షాపు మెట్ల మీద కూర్చుని, వణికే చేతిని మోకాళ్ళ మధ్య నొక్కి పెట్టుకున్నాడు.

"నా జాగల ఇంకొకడు కూసుంటడట సేటూ" అన్నాడు. "దానికి పోగు ఎట్ల అందియ్యాల్నో వానికేం ఎరుక? అది ఎడమచేతి వేలు కొంచెం పక్కకు పెడతది. ఇరవయ్యారేండ్ల సంది నేను గాడికే ఇస్తున్న."

నాకు కోపం వచ్చింది, సేఠ్ మీదా, జబ్బు మీదా, ఎందుకో ఆ చిన్న మనుషుల మీద కూడా.

నిజాంపురా డాక్టరు ఈ జబ్బు ముదిరితే కొందరికి మతి తగ్గుతుందని చెప్పి, ముంబైలోని ఒక పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. అక్కడ ఈ జబ్బున్నవాళ్ళ తెలివితేటలు పరీక్షచేసి, మెదడులో రక్తం ఎక్కడ బాగా పారుతోంది, ఎక్కడ తగ్గింది అని ఫోటో తీస్తున్నారట. వణుకుడు జబ్బుకీ మతిమరుపుకీ ఆ రక్తం ద్వారా ఏమన్నా జాడ దొరుకుతుందేమోనని వాళ్ళ వెతుకులాట. వాళ్ళకి మనుషులు కావాలి, మాకు ఫోటో కావాలి. మరాఠీ, హిందీ బాగా వచ్చినవాణ్ణని నన్ను తోడు రమ్మన్నారు. నేను పైకి విసుక్కున్నాను గానీ లోపల ఎగిరి గంతేశాను. తలలో రక్తం పారడం ఫోటో తీస్తారంటే మందుల దుకాణంవాడు ఎట్లా ఆగుతాడు?

బుధవారం పొద్దున బయల్దేరాం. కనుకయ్య, కనకవ్వ, నేను, వాళ్ళ కొడుకు సాగర్. సాగర్‌కి ఇరవై నాలుగేళ్ళుంటాయి. రాత్రి పాలిలో, అంటే రాత్రి షిఫ్టులో, సాంచలు నడుపుతాడు. కావాలనే రాత్రి పాలి తీసుకున్నాడు, ఎందుకంటే వాళ్ళకున్నది ఒక్క గది. రాత్రి తల్లీతండ్రీ పడుకుంటారు, పగలు కొడుకు పడుకుంటాడు. ఆ సాంచల మోతలో మాట్లాడినా వినిపించదు, అంతా చేతి సైగలే. పన్నెండు గంటలు అట్లా ఉండి వచ్చినవాడికి ఇంటికొచ్చాక కూడా నోరు తెరవబుద్ధి కాదు. ఆ పొద్దున కూడా పాలి దిగి, తలనిండా దూదితో, నిద్రలేని కళ్ళతో నేరుగా బస్టాండ్‌కి వచ్చాడు. నన్ను చూసి తల ఊపాడు, అదే పలకరింపు.

రైల్లో కనుకయ్య ఎదురు సీటులో సగం చోటు వదిలిపెట్టి కూర్చున్నాడు. ఒక లావుపాటి మనిషి అక్కడ కూర్చోబోతే "భాయ్‌సాబ్, ఆద్మీ హై" అన్నాడు, ఇక్కడ మనిషున్నాడని. ఆ మనిషి సీటు వంకా, మా వంకా చూసి, ఘాట్‌కోపర్ దాకా నిలబడే వచ్చాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు కొరుక్కున్నాను. కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చే మొహాలతో బయల్దేరిన వాళ్ళం, దాదర్ వచ్చేసరికి భుజాలు ఎగరేసి నవ్వుతున్నాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మకి ముప్పై అయిదేళ్ళుంటాయి. మరాఠీ మనిషి, గొంతులో తొందరలేదు. ఆమె అడుగుతుంది, నేను తెలుగు చేస్తాను, కనుకయ్య చెబుతాడు, నేను మళ్ళీ హిందీ చేస్తాను. మొదటి ప్రశ్న, ఈరోజు ఏ వారం.

"ఎల్లుండి ఛుట్టీ" అన్నాడు కనుకయ్య.

ఆమె కాగితం మీద తప్పు గీత గీసింది. నాకు ఒళ్ళు మండింది. "మేడం, ఎందుకు తప్పు? ఎల్లుండి ఛుట్టీయే కదా!"

"ఎల్లుండి ఛుట్టీ అయితే ఈరోజు శుక్రవారం కావాలి. ఈరోజు బుధవారం" అంది.

"మీకు ఆదివారం ఛుట్టీ. మా భివండీలో సాంచలకి శుక్రవారం ఛుట్టీ. మా ఊళ్ళో చంటిపిల్లవాణ్ణి అడిగినా అదే చెబుతాడు!"

ఆమె నన్నోసారి చూసి, గీత కొట్టేసి టిక్కు పెట్టింది. నేను ఛాతీ విరుచుకున్నాను. ఆ తర్వాత గడియారం బొమ్మ గీయమంది. కనుకయ్య గుండ్రం గీసి, అంకెలు వేసి, సగం నల్లగా నింపాడు. అదేమిటి అంటే "రాత్రి పాలి" అన్నాడు. దీనికీ నేను లేవబోయాను గానీ, అంకెలు పదమూడు ఉండడం చూసి కూర్చున్నాను. మూడు మాటలు గుర్తుపెట్టుకోమంటే అయిదు నిమిషాల తర్వాత ఒక్కటే చెప్పాడు. వందలోంచి ఏడు ఏడు చొప్పున తీసుకుంటూ పొమ్మంటే, తొంభైమూడు దగ్గర ఆగి టేబుల్ వైపు వేలు చూపించాడు.

"డాక్టర్ సాబ్‌కు చెప్పు సేటూ, ఒకడు ఆమె పెన్ను ఎత్తుకపోతున్నడు."

నేను ఆ ముక్క తెలుగులోంచి హిందీలోకి ఎట్లా దాటించాలా అని తడబడ్డాను. చివరికి చెప్పేశాను. డాక్టరమ్మ నవ్వలేదు, బెదరలేదు. పెన్ను తీసి జేబులో పెట్టుకుంది. "ఇప్పుడు ఏం చేస్తున్నాడో అడగండి" అంది.

"అలిగిండు" అన్నాడు కనుకయ్య. ఆ క్షణం నుంచి ఆమె ఏం చెప్పినా చేస్తామనుకున్నాం మేం ముగ్గురం.

పరీక్ష మాత్రం పోయింది. ముప్పైకి పదహారు వచ్చాయి. కనకవ్వ ఆ కాగితం చదవలేదు గానీ నా మొహం చదివింది.

తర్వాత ఫోటో. చేతికి సూది మందు ఎక్కించారు. అది రక్తంతో పాటు మెదడులోకి పోయి, రక్తం ఎక్కువ పారినచోట ఎక్కువగా, తక్కువ పారినచోట తక్కువగా నిలబడుతుందట. ఆ మందునుంచి వచ్చే కిరణాలను కెమెరా పట్టుకుంటుందట. సూదికి ముందు మసక వెలుతురున్న గదిలో పడుకోబెట్టి, మాట్లాడకుండా, ఏమీ ఆలోచించకుండా ఉండమన్నారు.

"ఏం ఆలోచించకుండ ఎట్లుంటరు?" అని కనుకయ్య నన్ను అడిగాడు. నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, నిజమే, అది ఎవరివల్లా కాదు, ఊరికే పడుకోమనండి చాలు అంది.

ఆ తర్వాత సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టి, తల చుట్టూ పెద్ద పెద్ద కెమెరా పలకలు తిప్పారు. అద్దం వెనకనుంచి మేం చూస్తున్నాం. కనకవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"పోగులు చుట్టే వార్పిన్ డ్రమ్ము తిరిగినట్టే తిరుగుతుంది సేటూ. లోపట ఏం చుడుతున్నరు?" అంది. నాకు తెలియదని చెప్పడం ఇష్టంలేక, రక్తం లెక్క చుడుతున్నారన్నాను. సాగర్ గోడకి ఆనుకుని నిలబడి నిద్రపోతున్నాడు. నిలబడి నిద్రపోవడం రాత్రి పాలి వాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య అనుకుంటాను.

సాయంత్రం నాలుగింటికి మళ్ళీ పిలిచారు. కంప్యూటర్ తెరమీద కనుకయ్య తలకాయ. ముల్లంగిని చక్రాలు చక్రాలుగా తరిగినట్టు వరసలు వరసలుగా, ఒక్కో చక్రంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. మేం నోరు తెరుచుకుని నిలబడ్డాం. ముందుగా మాట్లాడింది ఆ తలకాయ గలవాడే.

"మంచి డిజైన్. ఎన్ని రంగులున్నయో చూసినవా కనకవ్వా? సేఠ్‌కు చూపియ్యాలె, గిది లుంగీల మీదికి మస్తుంటది."

డాక్టరమ్మ వేలితో చూపిస్తూ చెప్పింది. ఎరుపు, పసుపు ఉన్నచోట రక్తం బాగా పారుతోంది. నీలం వైపు పోయినకొద్దీ తక్కువ. ఈ జబ్బులో మతి నిజంగా దెబ్బతినేవాళ్ళలో ఎక్కువమందికి తల వెనక భాగం నీలం తిరుగుతున్నట్టు వాళ్ళు చూస్తున్నారు. కనుకయ్యకి ముందు వైపు కొంచెం తగ్గింది గానీ వెనక అంతా ఎర్రగా, పసుప్పచ్చగా వెలిగిపోతోంది.

"ఒక్క ఫోటో చూసి నేను తీర్పు చెప్పను" అంది ఆమె. "కానీ ఈ ఫోటోకీ, పొద్దున్న పరీక్షలో వచ్చిన మార్కులకీ పొంతన కుదరడం లేదు. ఏ మందులు వాడుతున్నారు? చీటీ కాదు, మందే చూపించండి."

ఇప్పుడు జరిగింది మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. కనకవ్వ నడుముకి దోపిన సంచీలోంచి గోలీల పట్టీ తీసి టేబుల్ మీద పెట్టింది. అదే సమయానికి సాగర్ చొక్కా జేబులోంచి ఇంకో పట్టీ తీసి దాని పక్కన పెట్టాడు. ఒకే గోలీ. ఒకే రంగు. తల్లి కొడుకు వంక చూసింది, కొడుకు తల్లి వంక చూశాడు.

"నీకాడ ఎందుకున్నయిరా?"

"నేనిస్తున్న గదనే."

"నువ్వెందుకిస్తున్నవ్? నేనిస్తున్న గద!"

"నువ్వు పనికి పోతవు గద అవ్వా. నువ్వియ్యవేమో అని నేనిస్తున్న."

విడదీసి చూస్తే సంగతి ఇది. మొదటిసారి నిజాంపురా డాక్టరు దగ్గరికి కనకవ్వ వెళ్ళింది. పోయిన చలికాలంలో కనుకయ్యకి స్నానం చేసి గుండీలు పెట్టుకోవడానికే గంట పట్టడంతో, ఆవిడ ముందే కార్ఖానాకి పోవడం, ఆయన పదింటికి వెనకగా వచ్చి నాలుగింటికే ఇంటికి పోవడం మొదలైంది. ఆ రోజుల్లోనే మళ్ళీ చూపించడానికి సాగర్ తీసుకెళ్ళాడు. ఇద్దరికీ డాక్టరు ఒకటే చెప్పాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కనకవ్వ పొద్దున ఆరింటికి, రాత్రి పడుకునే ముందు ఇస్తోంది. సాగర్ కూడా తన పొద్దునా రాత్రీ ఇస్తున్నాడు. కానీ రాత్రి పాలివాడికి పొద్దున అంటే సాయంత్రం అయిదు, నిద్రలేచే వేళ. రాత్రి అంటే పొద్దున తొమ్మిది, పడుకునే వేళ. ఆవిడ ఏడింటికి పోతుంది, వాడు ఎనిమిదిన్నరకి వస్తాడు. వాడు సాయంత్రం ఏడింటికి పోతాడు, ఆవిడ ఏడున్నరకి వస్తుంది. ఇద్దరూ కలిసేది శుక్రవారం ఒక్కటే. ఆ రోజు అమ్మ ఇంట్లో ఉంది కదా అని వాడు ఇవ్వడు. రెండు గోలీలు మింగాల్సిన మనిషి వారానికి ఆరు రోజులు నాలుగు మింగాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఈ గోలీ వయసు మళ్ళినవాళ్ళకి కొంచెం ఎక్కువైనా మతి తడబడుతుందట, నోరెండుతుందట, లేని మనుషులు కనిపిస్తారట. నేను కూడా తల పట్టుకున్నాను. ఎందుకో చెప్పాలంటే సిగ్గు. పొద్దునపూట కనకవ్వ గోలీలు కొంటున్నది నా దగ్గరే. సాయంత్రం నేను వరాలా తలావ్ చెరువు చుట్టూ తిరిగి రావడానికి పోతే నా భార్య షాపులో కూర్చుంటుంది. సాగర్ కొంటున్నది ఆవిడ దగ్గర. మా దుకాణానికీ రెండు పాలీలే! ఊరంతటికీ మందులు అమ్మే మహేంద్రకి తన కౌంటర్ మీద ఏం జరుగుతోందో తెలియలేదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియక, రెండూ కలిసి ఒక పిచ్చి చప్పుడు బయటికి వచ్చింది. అది విని కనకవ్వ మొదలుపెట్టింది, ఆ తర్వాత డాక్టరమ్మ కూడా ఆపుకోలేకపోయింది. బయటనుంచి నర్సు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది.

నవ్వుతున్నవాళ్ళలో డాక్టరమ్మే ముందు ఆగింది. కనుకయ్య వైపు తిరిగింది. నన్ను తెలుగులో అడగమంది.

"ఒక్క ప్రశ్న. భార్య ఇచ్చిన గోలీ వేసుకున్న మూడు గంటలకే కొడుకు ఇస్తే, ఇప్పటికే వేసుకున్నానని మీరు ఎందుకు చెప్పలేదు? మరిచిపోయారా?"

 నాకు అప్పుడు తట్టింది. మరిచిపోయానంటే అయిపోయింది. పొద్దున తిన్నది తొమ్మిదింటికి గుర్తులేని మనిషికి మతి బాగుందని ఎవరు కాగితం రాస్తారు? ఫోటో ఎంత ఎర్రగా ఉంటే ఏం లాభం? నేను ప్రశ్నను కొంచెం తిప్పి అడుగుదామా అనుకున్నాను. డాక్టరమ్మ నా మొహం చూసి "ఉన్నదున్నట్టు అడగండి" అంది. అడిగాను.

కనుకయ్య టేబుల్ మీది రెండు పట్టీలనూ పక్కపక్కన సర్దాడు. 

"మర్చిపోలే" అన్నాడు. "రోజు ఎరుకే. నాలుగు గోలీలు. పొద్దుగాల అది ఇస్తది, తొమ్మిదింటికి వాడిస్తడు, అయిదింటికి వాడిస్తడు, పండేటప్పుడు అది ఇస్తది."

"మరి ఎందుకు మింగినవ్ మామా?" అన్నాను, అనువాదం సంగతి మరిచిపోయి.

ఆయన కొడుకు వైపు చూడలేదు. నేలవైపు చూస్తూ చెప్పాడు.

"రాత్రంత నిలబడి వస్తడు. వాని నోట్ల మాట ఉండదు. గిలాసల నీళ్ళు పోసి, చేతుల పెట్టి, 'బాపూ, గోలీ' అంటడు. మింగేదాంక పక్కన కూసుంటడు. వాడు నన్ను బాపూ అని పిలిచేది గా రెండుసార్లే. అయింది బిడ్డా, అవ్వ ఇచ్చింది అంటే, సరే అని పండుకుంటడు. ఇగ రేపటి సంది పిలువడు గద."

ఇది హిందీలో ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత కాగితం మీద రాసింది, రాస్తూ నాకు చెప్పింది. నాలుగు గోలీల లెక్క రోజువారీగా గుర్తున్న మనిషికి మతి పోలేదు. గోలీలు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. నెల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టాలి. అప్పటిదాకా పని వద్దు.

కనకవ్వ మాత్రం ఒకటే అడిగించింది. మున్ముందు?

"ఈ జబ్బులో కొందరికి కొన్నేళ్ళ తర్వాత నిజంగానే మతి మందగిస్తుంది. మీ ఆయనకి రాదని నేను మాటివ్వలేను" అంది డాక్టరమ్మ. "ఈరోజు మాత్రం రాలేదు." కనకవ్వ ఆ రెండో మాటను కొంగున ముడేసుకున్నట్టు తలాడించింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నెలకి ముప్పైకి ఇరవై అయిదు వచ్చాయి. గడియారంలో పన్నెండు అంకెలే ఉన్నాయి, సగం నలుపు మాత్రం అట్లాగే ఉంది. చిన్న మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరివాడు పోయిన రోజు కనుకయ్యకి కొంచెం దిగులేసిందట. కాగితం చూసిన కోదండరామయ్య సేఠ్ మరో మాట మాట్లాడకుండా కొత్త బీము చూపించాడు. నాలుగు గంటల పనికి ఏడు గంటలు పట్టింది. ఒక్క పోగు తప్పలేదు. నేను షాపులో మా ఆవిడకీ నాకూ కలిపి ఒకటే పుస్తకం పెట్టాను, ఎవరికి ఏ మందు ఇచ్చామో అందులో రాస్తాం.

ఇక ఆ బుధవారం సాయంత్రం. తిరుగు రైల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎట్లాగో కనుకయ్యకి కిటికీ పక్కన సీటు దొరికింది. కనకవ్వ నా వైపు తిరిగి, నాలుగు గోలీలు తెలిసి మింగిన మొగుణ్ణి ఏం చెయ్యాలో చెప్పమని వాదిస్తోంది. సాగర్ తండ్రి సీటు పక్కనే, పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రి నుంచి ఇక్కడిదాకా ఒక్క మాట అనలేదు. మొహం గోడలా ఉంది. వీడికి గుండె ఉందా అని నాకు మళ్ళీ కోపం రాబోయింది.

ఘాట్‌కోపర్‌లో బండి ఆగింది. సాగర్ వంగాడు.

"బాపూ, ఘాట్‌కోపర్."

కనుకయ్య తలెత్తి చూశాడు. బండి కదిలింది. విక్రోళి వచ్చింది.

"బాపూ, విక్రోళి."

నేనూ కనకవ్వా అటు తిరిగాం. "బాపూ, ములుండ్." "బాపూ, ఠాణే." ఎదురు సీటులోని ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు, ఈ ముసలాయనకి చూపు లేదేమో అనుకున్నారు పాపం. ఒకామె జాలిపడి, తర్వాతిది కల్వా అని తనే చెప్పబోతే, కనుకయ్య వణికే చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు.

"వాడు చెప్తడమ్మా" అన్నాడు.